ఖాళీ క్యాసెట్టు

మా కారులో ఒక క్యాసెట్టు ఉండేది. దాని చీటీ మీద ఏమీ రాసి ఉండదు. లోపలా ఏమీ ఉండదు. తొంభై నిమిషాల ఖాళీ టేపు. 2009 నుంచి దాదాపు ఐదేళ్లపాటు, కారెక్కిన ప్రతిసారీ మేము ఆ క్యాసెట్టే లోపలికి తోసేవాళ్లం. కొత్తగా మా కారెక్కినవాళ్లు "ఏం పాటలు?" అని అడిగితే "ఏమీ లేవండీ, ఖాళీది" అని చెప్పి వాళ్ల మొహాలు చూసి నవ్వుకునేవాళ్లం. ఆ ఖాళీ టేపు తిరుగుతుంటేనే మా కారులో పాటలు వచ్చేవి. టేపు ఆపితే పాట ఆగిపోయేది.

ఆ కారు నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. డాష్‌బోర్డులో ఉన్న స్టీరియోకి తెలిసినవి రెండే: రేడియో, క్యాసెట్టు. ఆ వేసవిలో నేను అమ్మమ్మ పక్కన కూర్చుని ఆవిడ పాటలు నా ఫోన్లో రికార్డు చేసుకున్నాను. మంగళహారతులు, నలుగు పాటలు, ఒక అప్పగింతల పాట. మధ్యమధ్యలో దగ్గు, వెనక కుక్కరు కూత. మొత్తం పదకొండు. అవి ఏ కంపెనీ క్యాసెట్టులోనూ లేవు, ఏ రేడియోలోనూ రావు. ఆవిడను ఊరి నుంచి తీసుకొచ్చేటప్పుడు దారిలో ఆ పాటలు ఆవిడకే వినిపించాలని నా సరదా. ఫోన్ నుంచి డాష్‌బోర్డుకి రెండడుగుల దూరం. ఆ రెండడుగులు దాటించే దారే లేదు.

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక చిన్న దుకాణంలో పెద్దాయన స్టీరియోని తిప్పి చూసి, వెనకవైపు చెయ్యి పెట్టి తడిమి చెప్పాడు: "గిది పాతది బిడ్డా. బయటి పాట లోపలికి తీసుకునుడు దీనికి రాదు. టేపే నడుస్తుందని దాన్ని నమ్మించాలె. గప్పుడు రానిస్తది."

నమ్మించాలె అన్న మాట నన్ను వదల్లేదు. మా కారు, మేము డబ్బిచ్చి కొన్న స్టీరియో, మా అమ్మమ్మ పాట. ఇందులో మోసపుచ్చాల్సిన అవసరం ఎవరికి, ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే అది స్టీరియోతో ఆగలేదు. నూట ముప్ఫై ఏళ్లు వెనక్కి, టెలిఫోన్ ఎక్స్చేంజి దాకా పోయింది.

*

ఇప్పుడు మనం ఆక్స్ కేబుల్ అంటున్న తీగ చివర ఉండే పిన్ను పాటల కోసం పుట్టింది కాదు, మాటల కోసం పుట్టింది.

1878 జనవరి 28న అమెరికాలోని న్యూహేవెన్ ఊళ్లో జార్జ్ కోయ్ అనే ఆయన మొదటి వ్యాపార టెలిఫోన్ ఎక్స్చేంజి తెరిచాడు. చందాదారులు ఇరవై ఒక్కమంది. ఆయన బల్లకు కావలసిన సామాను అప్పటికి ఎక్కడా అమ్మరు. ఎందుకంటే అలాంటి బల్ల అంతకు ముందు లేదు. అందుకని బళ్లకు వాడే బోల్టులు, టీ పాత్రల మూతల పిడులు, ఆడవాళ్ల గౌన్ల వెనక ఉబ్బుగా నిలవడానికి పెట్టే తీగ, ఇవన్నీ పోగేసి బల్ల తయారు చేసుకున్నాడు. అంటే టెలిఫోన్ ఎక్స్చేంజి చరిత్ర మొదలైందే ఇంటి సామానుతో చేసుకున్న సరుకుతో. సరిగ్గా నాలుగేళ్లకు, 1882లో అదే జనవరి 28న, కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మన దేశపు మొదటి ఎక్స్చేంజీలు తెరుచుకున్నాయి.

కోయ్ బల్ల మీద మీటలే ఉండేవి, పిన్నులు లేవు. చందాదారులు వందల్లోకి పెరిగేసరికి మీటలతో పని కాలేదు. షికాగోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న చార్లెస్ స్క్రిబ్నర్ అనే కుర్రవాడు ఒకటి రెండేళ్లలోనే వేరే ఉపాయం కనిపెట్టాడు. ప్రతి చందాదారుకీ ఒక రంధ్రం. రంధ్రం వెనక ఒక స్ప్రింగు రేకు. పిన్ను గుచ్చితే ఆ రేకు పక్కకు జరుగుతుంది. అది చూడ్డానికి మడతపెట్టే జేబుకత్తిలా, అంటే జాక్ నైఫ్‌లా ఉండేదని, 'జాక్' అన్న పేరు అక్కడినుంచే వచ్చిందని చెప్తారు.

ఈ 'పక్కకు జరగడం' దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పిన్ను రాకముందు ఆ రేకు ఒక తీగను తాకుతూ ఉంటుంది. పిన్ను రాగానే ఆ పాత సంబంధం వదిలేసి కొత్త సంబంధం కలుపుకుంటుంది. పిన్ను తీసేస్తే మళ్లీ యథాస్థానం. ఇంటికొచ్చినవాడికి అరుగు మీద చోటిచ్చి, వాడు వెళ్లాక మళ్లీ వచ్చి కూర్చునే ముసలాయన లాగా. హెడ్‌ఫోన్ పెట్టగానే టీవీ స్పీకరు దానంతట అదే ఆగిపోయేది ఇందుకే. ఇందులో ఏ కంప్యూటరూ లేదు. ఒక రేకు జరుగుతుంది, అంతే.

అదే 1878 సెప్టెంబరు ఒకటిన బాస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ తొలి మహిళా ఆపరేటరుగా చేరింది. అంతకు ముందు ఆ పనిలో మగపిల్లలు ఉండేవాళ్లు. వాళ్ల దురుసుతనం చందాదారులు భరించలేకపోయారు. ఆమె తర్వాత కొన్ని దశాబ్దాలపాటు లక్షలాది మంది ఆడవాళ్లు ఆ పిన్నులు పట్టుకుని ఊళ్లకు ఊళ్లు కలిపారు. పిన్ను కొసను 'టిప్' అన్నారు. దాని వెనకున్న పట్టీని 'రింగ్' అన్నారు. ఆ వెనక పొడుగాటి భాగం 'స్లీవ్', చొక్కా చెయ్యి లాంటిదని. ఇవాళ్టికీ ఇంటికొచ్చే ల్యాండ్‌లైన్ జంట తీగల పేర్లు టిప్, రింగ్ అనే. ఆక్స్ పిన్నులోనూ అవే పేర్లు: టిప్ ఎడమ చెవికి, రింగ్ కుడి చెవికి, స్లీవ్ రెంటికీ ఉమ్మడి నేల.

పావు అంగుళం లావుండే ఆ పిన్ను ఎక్స్చేంజి దాటి స్టూడియోల్లోకి, గిటార్లలోకి వెళ్లింది. ట్రాన్సిస్టర్ రేడియో జేబులోకి దిగేసరికి పిన్ను కూడా చిక్కి 3.5 మిల్లీమీటర్లకు వచ్చింది. 1964లో సోనీ తెచ్చిన ఈఎఫ్ఎం-117జె రేడియో ఆ సైజుకి పేరు తెచ్చిన తొలి వస్తువుల్లో ఒకటి. 1979 జూలై 1న వాక్‌మన్ వచ్చింది. ఆ మొదటి వాక్‌మన్‌కి రెండు జాక్‌లు ఉండేవి, ఇద్దరు కలిసి వినడానికి. ఆ తర్వాత ప్రపంచంలో ఏ దేశానికి వెళ్లినా, ఏ కంపెనీ వస్తువు కొన్నా, ఆ రంధ్రంలో ఆ పిన్ను పడుతుంది. నువ్వు ఎవరు, ఏ కంపెనీ, ఏ పాట, దానికి హక్కులెవరివి, ఇవేవీ అది అడగదు. అడగడం దానికి రాదు.

*

కారు చరిత్ర ఇలా నడవలేదు.

1930 జూన్‌లో పాల్ గాల్విన్ అనే వ్యాపారి తన కారులో రేడియో బిగించుకుని షికాగో నుంచి అట్లాంటిక్ సిటీకి, రేడియో తయారీదారుల సభకు వెళ్లాడు. లోపల స్టాలు పెట్టుకునే స్తోమత లేదు. సభ బయట కారు ఆపి, వాల్యూము పెంచి, వచ్చేపోయేవాళ్లకు వినిపించాడు. ఆర్డర్లు వచ్చాయి. మోటారు కారుకీ, ఆ రోజుల్లో పాటల పెట్టెల పేర్ల చివర వినబడే 'ఓలా'కీ ముడిపెట్టి ఆ రేడియోకి 'మోటరోలా' అని పేరు పెట్టాడు. తర్వాత కంపెనీ పేరే అదైపోయింది. అప్పట్లో రేడియో బిగించడమంటే కారుకు చిన్న ఆపరేషనే: డాష్‌బోర్డు కొయ్యాలి, విడిగా బ్యాటరీలు పెట్టాలి, స్పార్కు ప్లగ్గులు కొట్టే చప్పుడు రేడియోలోకి దూరకుండా ప్రతిదానికీ అడ్డుకట్ట వెయ్యాలి. ఇంజను చప్పుడు పాటలోకి దూరడం అనే ఈ తగాదా తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

రేడియోతో వచ్చిన ఇబ్బంది ఒక్కటే: అవతలివాడు వేసిన పాట వినాలి. "మనకు కావలసిన పాట కారులో" అన్న కోరికకు మొదటి పెద్ద జవాబు 1956 మోడల్ క్రైస్లర్ కార్లలో వచ్చిన హైవే హై-ఫై. డాష్‌బోర్డు కింద ఒక గ్రామఫోను! సీబీఎస్ ప్రయోగశాలలో పీటర్ గోల్డ్‌మార్క్ తయారు చేశాడు. ఏడంగుళాల రికార్డు, నిమిషానికి 16⅔ చుట్లు. గతుకుల రోడ్డు మీద ముల్లు నిలబడడమే గొప్ప అనుకుంటే, అది చాలావరకు నిలబడింది కూడా. కానీ ఆ వేగంతో తిరిగే ఆ సైజు రికార్డులు సీబీఎస్ వాళ్ల కొలంబియా కంపెనీ ఒక్కటే వేసేది. ఇంట్లో ఉన్న రికార్డు కారులో పనికిరాదు, కారు రికార్డు ఇంట్లో పనికిరాదు. కొన్నేళ్లకే అది మూలపడింది. పోవడానికి సాంకేతిక కారణాలు చాలా ఉన్నాయి కానీ నాకు ముఖ్యంగా కనపడేది ఇది: పాట ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తున్నామని చెప్పి, వాళ్ల జాబితాలోంచి ఎంచుకోమన్నారు.

ఆ జాబితాను చింపి పారేసింది క్యాసెట్టు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ దాన్ని చూపించింది. దాని వెనకున్న ఇంజనీరు లౌ ఓటెన్స్. జేబులో పట్టాలని ఒక చెక్కముక్క కోసుకుని, అది జేబులో పెట్టుకుని చూసి, ఆ కొలతకు క్యాసెట్టు చేయించాడని చెప్తారు. తర్వాత సోనీ పట్టుబట్టడంతో ఫిలిప్స్ ఆ నమూనాను రాయల్టీ లేకుండా అందరికీ ఇచ్చింది. క్యాసెట్టు గొప్పదనం ధ్వనిలో లేదు. ఖాళీగా దొరకడంలో ఉంది. ఎవరైనా కొనుక్కోవచ్చు, ఏదైనా నింపుకోవచ్చు.

మన దగ్గర దాని ప్రభావం మామూలుది కాదు. 1980ల మధ్యదాకా ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాల్సిన దేశం ఇది. రికార్డుల వ్యాపారం చాలా కాలం ఒకే పెద్ద కంపెనీ గుప్పిట్లో ఉండేది. క్యాసెట్టు వచ్చాక ఊరూరా రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. పాటల జాబితా కాగితం మీద రాసిస్తే, రెండ్రోజుల్లో మన జాబితా మన క్యాసెట్టులో. భజన బృందాలు, బుర్రకథలవాళ్లు, ఊరి గాయకులు ఎవరి క్యాసెట్టు వాళ్లు వేసుకున్నారు. ఉత్తర భారతంలో ఇదెలా జరిగిందో పీటర్ మాన్యుయెల్ 1993లో 'క్యాసెట్ కల్చర్' అనే పుస్తకమే రాశాడు. గల్ఫ్ వెళ్లినవాళ్లు ఉత్తరం రాయడానికి బదులు క్యాసెట్టులో మాట్లాడి పంపేవాళ్లు. ఊళ్లో అందరూ టేపురికార్డరు చుట్టూ కూర్చుని ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు.

అంటే మా కారు స్టీరియో పుట్టిన రోజుల్లో అది మూసిన ఇల్లు కాదు. క్యాసెట్టే దాని ఆక్స్. అప్పుడైతే అమ్మమ్మ పాటలు టేపురికార్డరులో ఎక్కించుకుని, ఆ క్యాసెట్టు కారులో పెట్టుకునేదాన్ని, అయిపోయేది. పాటలు క్యాసెట్టు వదిలి ఫోన్లోకి వెళ్లాక, తెరిచి ఉన్న ఆ తలుపు దానంతట అదే గోడైపోయింది.

*

అసలు దొంగదారి అవసరం ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే డిక్కీ తెరవాలి.

1990ల్లో ఖరీదైన కార్లలో సీడీ ఛేంజరు ఉండేది. ఆరో, పదో సీడీలు పట్టే డబ్బా. డిక్కీలో పెట్టి, తీగను కారంత పొడవునా లాగి స్టీరియో వెనక గుచ్చేవాళ్లు. ఆ గుచ్చే చోట పాటకు సంబంధించినవి మూడే తీగలు. యూరప్ స్టీరియోలు చాలావాటిలో వెనక నీలం రంగు చిన్న ప్లగ్గులో పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై నంబర్ల కాళ్లు: నేల, ఎడమ, కుడి. స్లీవ్, టిప్, రింగ్! న్యూహేవెన్ నుంచి వస్తున్న ఆ చుట్టరికమే.

మరి మన పాటను ఆ మూడు కాళ్లకు కలిపేస్తే సరిపోదా? సరిపోదు. వాటి పక్కనే ఇంకో రెండు మూడు తీగలుంటాయి. వాటిల్లో పాట ఉండదు, కబుర్లు ఉంటాయి. "ఛేంజరువేనా?" అని స్టీరియో అడుగుతుంది. "అవును, నేనే, మూడో సీడీ, ఐదో పాట" అని అవతల డబ్బా చెప్పాలి. జవాబు రాకపోతే స్టీరియో ఆ మూడు తీగలవైపు తిరిగి కూడా చూడదు. ఈ కబుర్ల భాష ఒక్కో కంపెనీది ఒక్కోటి. పయనీర్‌ది ఐపీ-బస్, సోనీది యూనిలింక్, ఆల్పైన్‌ది ఏఐ-నెట్. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. తలుపు అదే, మనుషులు పట్టేంత వెడల్పే. దానికి ఒక కాపలావాణ్ణి పెట్టారు.

2001 అక్టోబరు 23న ఐపాడ్ వచ్చింది. వెయ్యి పాటలు జేబులో. కానీ రోడ్డు మీద ఉన్న కోట్ల కార్లలో ఆ పాటలు వెళ్లే దారి లేదు. 2004లో బీఎండబ్ల్యూ, యాపిల్ కలిసి కారులో ఐపాడ్ తగిలించే ఏర్పాటు ప్రకటిస్తే అది పెద్ద వార్తైంది. తక్కినవాళ్లకు మిగిలినవి అడ్డదారులే. సిగరెట్ లైటరు సాకెట్లో పెట్టుకునే బుల్లి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు ఒకటి. మనమే ఒక రేడియో స్టేషన్ అయిపోయి మన రేడియోలోనే మనం వినడం. ఊరి బయట బాగానే పనిచేసేది. హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చాక అమీర్‌పేట దగ్గర మన పాటలోకి ఎవరో నవ్వుతూ దూరేవాళ్లు. రెండోది క్యాసెట్ అడాప్టరు. 1980ల్లో లారీ ష్కాట్జ్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్న చమత్కారం. క్యాసెట్టు ఆకారమే, లోపల టేపు ఉండదు. టేపు ఉండాల్సిన చోట ఒక చిన్న హెడ్డు. అది అయస్కాంతంతో పాటను ఇవతలి హెడ్డుకు చెవిలో ఊదుతుంది. స్టీరియో తను టేపు చదువుతున్నాననే అనుకుంటుంది. మా స్టీరియోకి ఆటో రివర్సు ఉంది. అది అడాప్టరును రెండు నిమిషాలు నమలడం, 'టక్'మని బయటికి తోసేయడం.

ఇక మిగిలింది చేత్తో చేసుకునే కేబులు. ఇక్కడే తయారీదారుకీ, వినేవాడికీ మధ్య అసలు బేరం కనిపిస్తుంది. ఛేంజరు దారి ఉన్నవాళ్లు, వీలున్న చోట స్టీరియో సెట్టింగుల్లో ఎక్కడో దాచిపెట్టిన 'ఆక్స్' మాటను వెతికి ఆన్ చేసుకున్నారు. లేనివాళ్లు చిన్న మైక్రోకంట్రోలరుకి ఛేంజరు భాష నేర్పి "నేనే ఛేంజరుని" అని అబద్ధం చెప్పించారు. డిక్కీలో డబ్బా ఉండదు, సీడీ ఉండదు. తెర మీద మాత్రం "సీడీ 1, పాట 1" అని గంటల తరబడి. ఛేంజరు దారి కూడా లేని మాలాంటివాళ్లకు ఖాళీ క్యాసెట్టు.

*

కోఠి పెద్దాయన చేసిన పని చెప్తాను. స్టీరియో మూత తీశాడు. టేపు హెడ్డు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని కాస్త పెంచే ఒక చిప్పు ఉంటుంది. అక్కడినుంచి పాట వాల్యూము దగ్గరికి వెళ్తుంది. ఆ రెంటికీ మధ్య దారి పట్టుకుని, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, నేలకు ఒకటి మూడు తీగలు అతికించాడు. నేరుగా కాదు. లోపలి కరెంటు ఫోన్ మీదికి ఎదురు రాకుండా మధ్యలో చిన్న కెపాసిటర్లు, ఒకదాన్నొకటి తొక్కుకోకుండా రెసిస్టర్లు. అన్నిటికీ కలిపి ఒక మనిషి బొటనవేలంత జాగా. స్పీకరు తీగలకు కలిపితే సులువు కదా అని అడిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కారు స్టీరియోల్లో చాలావాటికి స్పీకరు తీగలు రెండింట్లోనూ కరెంటు ఉంటుంది, అందులో 'నేల' అనేది ఉండదు, కలిపితే ఏదో ఒకటి కాలుతుంది.

అయితే పాట వాల్యూము దాకా వెళ్లాలంటే స్టీరియో టేపు మోడులో ఉండాలి. టేపు మోడులో ఉండాలంటే లోపల క్యాసెట్టు తిరుగుతుండాలి. ఏ పాటల క్యాసెట్టు పెట్టినా రెండు పాటలూ కలిసి వినిపిస్తాయి. అందుకే ఖాళీది. దాని సన్నటి 'స్‌స్‌స్' వెనక ఎప్పుడూ ఉండేది. నలభై ఐదు నిమిషాలకోసారి టేపు ఆ చివరికి చేరి 'టక్'మని తిరగబడేది. ఆ ఒక్క క్షణం పాట తెగిపోయి మళ్లీ వచ్చేది. అలవాటైపోయింది. దూరప్రయాణాల్లో టక్‌లు లెక్కపెట్టి ఎక్కడిదాకా వచ్చామో చెప్పేవాళ్లం.

బయటి కేబులు మాత్రం నేనే చేసుకుంటానన్నాను. షీల్డు ఉన్న రెండు తీగల వైరు గజం, 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఒకటి. పిన్ను మూత విప్పితే లోపల మూడు చిన్న రెక్కలు. చిన్నవి రెండూ టిప్, రింగ్. పెద్దది స్లీవ్. వైరు ఒలిచి, అల్లిక తీగను ఒక పక్కకు మెలిపెట్టి, మూడింటికీ ముందే కొంచెం సోల్డరు పట్టించి, ఒక్కొక్కటీ అతికించాలి. మొదటిసారి చక్కగా అతికించి మురిసిపోయాక చూస్తే పిన్ను మూత బల్ల మీద ఉంది. దాన్ని ముందే వైరులోకి ఎక్కించి పెట్టుకోవాలి! మళ్లీ అంతా ఊడదీశాను. రెండోసారి సోల్డరింగ్ ఇనుము ఎక్కువసేపు ఆనించి ప్లాస్టిక్కు కరిగి టిప్, రింగ్ ఒకటైపోయాయి. మూడోసారికి పాట వచ్చింది.

దానితోపాటు ఒక ఈల కూడా వచ్చింది. ఇంజను వేగం పెరిగితే ఈల స్థాయి పెరుగుతుంది, బండి ఆగితే దిగుతుంది. అచ్చం కారు ఆలాపన చేస్తున్నట్టు. కారణం ఫోన్ ఛార్జరు. ఫోన్‌కి కారుతో రెండు చోట్ల నేల దొరికింది: ఒకటి ఛార్జరు నుంచి, ఒకటి మన కేబులు నుంచి. ఈ రెండు నేలల మధ్య తేడాలోంచి ఆల్టర్నేటరు చప్పుడు పాటలోకి జొరబడుతుంది. గాల్విన్ కాలంలో స్పార్కు ప్లగ్గు, మా కాలంలో ఆల్టర్నేటరు. దీనికి మందు రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. తీగను తెంపేసి మధ్యలో అవి పెడితే పాట అయస్కాంతం గుండా దాటుతుంది, నేల దాటదు. ఈ ఉపాయమూ పాత టెలిఫోన్ వాళ్లదే.

ఇంకో సంగతి చాలా ఏళ్ల తర్వాత స్క్రిబ్నర్ జాక్ గురించి చదువుతుంటే అర్థమైంది. ఐదు కాళ్ల సాకెట్టు అని ఒకటి దొరుకుతుంది. పిన్ను లేనప్పుడు టేపు పాట అందులోంచి వెళ్తుంది. పిన్ను రాగానే రెండు రేకులు పక్కకు జరిగి టేపును తెంపేస్తాయి. అది పెట్టుకుని ఉంటే మాకు ఖాళీ క్యాసెట్టే అవసరం లేదు, ఏ క్యాసెట్టు పెట్టినా నోరు మూసుకుని తిరిగేది. ఆ మాట తర్వాతెప్పుడో పెద్దాయనతో అంటే ఆయన తొణకలేదు. "ఐదు కాళ్లది ఆ రోజు నా తాన లేకుండె బిడ్డా." నూట ముప్ఫై ఏళ్ల కిందటే ఒకాయన మా సమస్య తీర్చి పెట్టాడు. మా గల్లీలో ఆ రోజు స్టాకు లేదు, అంతే.

*

అమ్మమ్మను తీసుకొచ్చే రోజు వచ్చింది. ఊరు దాటాక ఫోన్ తగిలించి, ఖాళీ క్యాసెట్టు తోశాను. మొదట ఆ స్‌స్‌స్, ఆ తర్వాత కుక్కరు కూత, ఆ తర్వాత పాట. వెనక సీట్లో ఆవిడ కాసేపు విని అంది: "ఎవరే ఆ పాడేది, శ్రుతీ లేదూ పాడూ లేదూ?" నువ్వే అమ్మమ్మా అన్నాను. నమ్మలేదు. కుక్కరు రెండోసారి కూసినప్పుడు నమ్మింది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. అప్పగింతల పాటలో మూడో చరణం తను మర్చిపోయి దాటేసిన చోట, ఈసారి గుర్తొచ్చి, స్పీకరులోని తన గొంతు మీద తనే ఆ చరణం పాడింది. అది ఎక్కడా రికార్డు కాలేదు.

ఆ పాటకు హక్కుదారులు లేరు, లేబుల్ లేదు, ట్రాక్ నంబరు లేదు. పేరూ ఊరూ అడిగే తలుపు దగ్గర అది చెప్పగలిగిందేమీ లేదు. అడగని రంధ్రం ఒకటి ఉండడం వల్ల, అది లేనిచోట ఒకటి చేసిపెట్టిన చేతులు ఉండడం వల్ల, లోపలికి వచ్చింది.

న్యాయంగా చెప్పాలంటే అడిగే తలుపులవైపూ మాట ఉంది. ఛేంజరు కబుర్ల వల్లే స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండా పాట మార్చుకోగలిగేవాళ్లు. మా కేబులుతో పాట మార్చాలంటే ఫోన్ వైపు చూడాలి. నాన్న ఒకసారి అలా చూసి ముందున్న ఆటోని తాకించబోయారు. ఆ తర్వాత పాట మార్చే పని పక్క సీటుకి అప్పగించాం. అడగని రంధ్రమూ అన్నిసార్లూ ఉదారంగా లేదు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్లో జాక్ ఎంత లోతుగా పెట్టారంటే చాలా మామూలు పిన్నులు అందులో దిగేవే కావు. మైకు కోసం నాలుగో పట్టీ చేర్చినప్పుడు కంపెనీలు మైకునీ, నేలనీ రెండు రకాలుగా అమర్చి, ఒకరి ఇయర్‌ఫోన్ ఇంకొకరి ఫోన్లో పనిచేయకుండా చేశాయి.

అయినా తేడా ఉంది. రంధ్రానికి ఉన్న తప్పులను చాకుతో, సోల్డరుతో సరిచేసుకోవచ్చు. 2016 సెప్టెంబరులో యాపిల్ ఐఫోన్ 7లో జాక్ తీసేసింది. వేదిక మీద దాన్ని ధైర్యం అన్నారు. తక్కిన కంపెనీలు కొన్నాళ్లు వెక్కిరించి, తర్వాత ఒక్కొక్కటే తీసేశాయి. ఇప్పుడు కార్లలోనూ ఆక్స్ రంధ్రం మాయమవుతోంది. బ్లూటూత్ సుఖమే, నేనూ వాడతాను. కాకపోతే అది పేరు అడుగుతుంది, జత కుదుర్చుకుంటుంది, ఏ పరికరం ఏమిటో గుర్తుపెట్టుకుంటుంది. రెండు వైపులా సాఫ్ట్‌వేరు పాతబడనంత కాలం బాగుంటుంది. పాతబడితే దాన్ని విప్పి చూసే స్క్రూ ఎక్కడుందో కోఠి పెద్దాయనకు కూడా కనపడదు.

కారు అమ్మేశాం. కొన్నాయన మొదట తీయించిన వస్తువు ఆ స్టీరియోనే, వద్దని మాకే ఇచ్చేశాడు. ఇప్పుడది నా బల్ల మీద ఒక పాత బ్యాటరీతో పనిచేస్తోంది. నా ఫోన్‌కి జాక్ లేదు, కాబట్టి మధ్యలో ఒక చిన్న మార్పిడి తోక, దాని చివర నేను మూడుసార్లు అతికించిన అదే పిన్ను. అమ్మమ్మ లేదు. పదకొండు పాటలూ ఉన్నాయి. ఐదు కాళ్ల సాకెట్టు కొనితెచ్చి నెల దాటింది, ఇంకా బిగించలేదు. బిగిస్తే ఖాళీ క్యాసెట్టుతో పని ఉండదు. నలభై ఐదు నిమిషాలకు వచ్చే ఆ టక్ కూడా ఉండదు.